అలక తనిఖీ

కొట్టు పెట్టిన కొత్తలో మేం కొట్టుకోలేదు. మా ఊరికి అదే పెద్ద విడ్డూరం. నలుగురు కలిసి ఏ పని మొదలుపెట్టినా నాలుగో రోజుకి చొక్కాలు చిరిగే చోట, వీధి వీధంతా కలిసి ఒక దుకాణం పెట్టి, దానికి సహకార సంఘం అని బోర్డు రాయించి, ఒక్క చొక్కా కూడా చిరగకుండా ఏడాది లాక్కొచ్చాం. చిరిగినా భయం లేదు, మా అధ్యక్షుడు దర్జీ.

ఆ దర్జీ మా అక్క మొగుడు, నాకు బావ. సంఘం పుట్టింది ఆయన ఇంటి వరండాలోనే. ఒక చివర ఆయన కుట్టు మిషను, ఇంకో చివర మా సరుకు: ఉప్పు, సబ్బులు, అగ్గిపెట్టెలు, టీ పొడి, టార్చి బ్యాటరీలు, కిరోసిన్ పీపా. తెలివితక్కువగా పీపా పక్కనే సబ్బులు పేర్చాం. మొదటి నెలంతా ఎవరు స్నానం చేసొచ్చినా వాళ్ళ దగ్గర అగ్గిపుల్ల గీయడానికి జంకేవాళ్ళం.

అంతకుముందు కూడలిలో ఉన్న వ్యాపారే అందరికీ దిక్కు. ఆయన తూచేటప్పుడు ఆయన బొటనవేలు కూడా తక్కెడలో కూర్చునేది. ఆ ఒక్క వేలు ఏళ్ళ తరబడి మా వేలకు వేలు మింగింది. అది భరించలేకే సంఘం. సహకారం అంటే ఏమిట్రా అని ఒక పెద్దాయన అడిగితే, ఒక్కడే తింటే కారం, అందరూ కలిసి తింటే సహకారం అని చెప్పాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి సభ్యుడిగా చేరాడు. మంట సంగతి తర్వాత తెలిసింది, ఆయనకి కాదు, నాకు.

నేను నీళ్ళ మోటార్లు బాగుచేస్తాను. మోటారు మోతలో మాట్లాడి మాట్లాడి నా గొంతు ఆ మోత దగ్గరే బిగుసుకుపోయింది. గుసగుసగా చెప్పాలనుకున్నది కూడా పక్క వీధి దాకా వెళ్తుంది. అందుకే ఊళ్ళో నన్ను మైకు అంటారు. మా ఆవిడ ఒక్కతే, వైరు పీకే వీల్లేని మైకు అంటుంది.

మా బావ నాకు పూర్తిగా తలకిందులు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని బట్ట కొలిచే అలవాటు వల్ల నోరు విప్పడమే తక్కువ. విప్పినా, సూది జారిపోతుందేమో అన్నట్టు ఒక్కో మాటా జాగ్రత్తగా తీసి బయట పెట్టేవాడు. అందుకని ఆయన ఏమన్నా జనం నమ్మేవారు, నేనేమన్నా నవ్వేవారు. ఆయనది నమ్మించే నోరు, నాది నవ్వించే నోరు. ఒకదానికి ఒకటి తోడై కొట్టుని నడిపించాయి.

ఇంతకీ అసలు విషయం. మా ఊరి జనానికి ఒక జబ్బుంది. మనసుకి కష్టమేస్తే అరవరు, తిట్టరు, ఫలానా అని చెప్పరు. రావడం మానేస్తారు, అంతే. ఎదురుపడితే నవ్వుతారు, బాగున్నావా అంటారు, కొట్టు ముందు నుంచి మాత్రం వీధికి అవతలి పక్కన నడుస్తారు. కుబేరుడి ఊరిని అలకాపురి అంటారట. మాదీ అలకాపురే, కుబేరుడు లేడు, అలకొక్కటే ఉంది.

రెండో ఏడాది ఈ జబ్బు కొట్టుకి తగిలింది. ఒక్కో ఇల్లూ రావడం తగ్గింది. ఎందుకో ఎవరికీ తెలియదు. సంఘం మూసేద్దామా అన్నంత దాకా వచ్చింది. అప్పుడు మా బావ సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని, చొక్కా బిగుతైతే ఎవరూ దర్జీ దగ్గరికొచ్చి చెప్పరు, తొడుక్కోవడం మానేస్తారు, మనమే ఇంటికెళ్ళి చూడాలి అన్నాడు. అలా పుట్టింది నియమం. ఒక ఇల్లు వారం దాటి కొట్టు గుమ్మం తొక్కకపోతే సంఘం తరఫున ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళి కూర్చోవాలి. ఎందుకు రావడం లేదని అడగకూడదు. రమ్మని పిలవకూడదు. చేతిలో సంచీ, సరుకు ఏదీ ఉండకూడదు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా కూర్చుని, చెప్పాక, తప్పు ఎవరిదైనా సరే, తప్పు మాది అని లేచి రావాలి.

ఈ పనికి నోట్లో నాలుక లేని మనిషి కావాలని అందరూ అన్నారు. బావ నావైపు చెయ్యి చూపించాడు. సభ గొల్లుమంది. నవ్వు ఆగాక ఆయన నెమ్మదిగా, వీడి నోరు మూయించడానికైనా వాళ్ళు నోరు తెరుస్తారు అన్నాడు.

నిజంగా అలాగే జరిగింది. మొదట వెళ్ళింది మంత్రసాని అవ్వ ఇంటికి. మంచం చివర కూర్చుని మోటార్ల గురించి, మోటార్ల యజమానుల గురించి, యజమానుల అల్లుళ్ళ గురించి ఎడతెరిపి లేకుండా చెప్పాను. మధ్యాహ్నానికి ఆవిడ రెండు చెవులూ మూసుకుని, ఇక చాలు నాయనా, చెబుతాను అంది. ఆవిడ కొట్టుకొచ్చి చేతి అద్దం అడిగిందట. కౌంటర్లో ఉన్నవాడు, ఈ వయసులో అద్దమెందుకే అవ్వా అన్నాడట. ఇంట్లో అద్దం పగిలింది, నా మొహం నేను చూసుకోడానికి వాడి అనుమతి కావాలా అంది. తప్పు మాది అని లేచాను. మర్నాడు ఆవిడ మా గుమ్మంలో ఉంది. ఆ నెల నుంచి కొట్లో అద్దాలు, ఆ పక్కనే చదువుకునే కళ్ళజోళ్ళు.

తాపీ మేస్త్రి అలిగింది వేరే కారణానికి. ఆయన వరసలో ముందు నిలబడితే వెనకొచ్చినవాడికి ముందు తూచారట. ఆయన ఈ మాట చెప్పడానికి నాలుగుసార్లు నీళ్ళిచ్చాడు. నా కడుపులో చెరువైంది. అప్పటి నుంచి ముసలివాళ్ళకి కూర్చోడానికి బల్ల, వచ్చినవాళ్ళకి వరస చీటీ. అలా ఒక్కో అలకా ఒక్కో పాఠమైంది. జనం నన్ను అలకాధికారి అని పిలవడం మొదలుపెట్టారు. జీతం లేదు, జీపు లేదు, అధికారం ఒక్కటే ఉంది. నాకు అంతకన్నా గొప్ప ఉద్యోగం ఈ భూమ్మీద కనిపించలేదు. ఎవరి గడపలోనైనా కూర్చోగల హక్కు మా ఊళ్ళో నా ఒక్కడికే ఉండేది.

పెరిగింది కొట్టు. వరండా చాలక ఊరి చివర పాత మగ్గాల షెడ్డులోకి మారింది. షెడ్డు చాలక సిమెంటు కట్టడం లేచింది. పక్క ఊరి నుంచి మనుషులొచ్చి, మీ కొట్టువాళ్ళు ఇళ్ళకొచ్చి కూర్చుంటారటగా, అలాంటి కొట్టు మాకూ కావాలని అడిగారు. సరుకు కోసం వచ్చిన జనం కాదు వాళ్ళు, కూర్చునేవాడి కోసం వచ్చారు. అక్కడ ఒక శాఖ, ఆ పై ఊళ్ళో ఇంకో శాఖ. ప్రతి శాఖకీ మా నియమమే, ప్రతి చోటా నాలాంటి వాగుడుకాయ ఒకణ్ణి నేనే వెతికి కూర్చోవడం నేర్పేవాణ్ణి. తర్వాత గోదాం వచ్చింది, సంఘం పేరు రాసిన వ్యాను వచ్చింది, ఐస్‌క్రీం పెట్టె వచ్చింది, సరుకు మీద గీతలు చూసి టిక్కుమనే మిషను వచ్చింది. నా తలా నెరిసింది, బావ తలా నెరిసింది. ఆయన మాత్రం ఆ వరండాలోనే కుట్టు మిషను తొక్కుతూ, మధ్యాహ్నాలు సంఘం ఆఫీసుకి వెళ్తూ ఉండేవాడు, ఎన్నిక జరిగిన ప్రతిసారీ ఆయనే అధ్యక్షుడు. ఇంకొకరు నిలబడతామని అనడానికి ఎవరికీ మొహం చెల్లేది కాదు.

ఆ తర్వాత వచ్చినవాడు మేనేజరు. ఇస్త్రీ మడత నలగని మనిషి, చెడ్డవాడు కాదు, నాకు ఎప్పుడు కనిపించినా ముందు తనే పలకరించేవాడు. రాగానే ప్రతి కౌంటరు దగ్గరా ఒక పలక పెట్టించాడు. దాని మీద మూడు మొహాలు: నవ్వేది, ఏ సంగతీ తేల్చనిది, ఏడ్చేది. బయటికెళ్ళేవాళ్ళు తమ మనసులో ఉన్న మొహం నొక్కి వెళ్ళాలి. వారం తిరక్కుండా పిల్లలు మూడిటినీ వాయించి వాయించి ఏడుపు మొహానికి పళ్ళు ఊడగొట్టారు. అయినా మేనేజరుకి అది ఇష్టం. మనిషి వెళ్ళి కూర్చుంటే అరపూట పోతుంది, ఇది అరక్షణంలో చెబుతుంది అనేవాడు. ఫోన్లకి సందేశాలు పంపొచ్చు అనేవాడు. చివరికి, ఏడాది సభలో ఇళ్ళకి వెళ్ళే పని ఎత్తేయాలని తీర్మానం పెడతానన్నాడు.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. ఆ పని పోతే నాకు సంఘంలో మిగిలేది సభ్యత్వం ఒక్కటే, అది ఊళ్ళో ప్రతివాడికీ ఉంది. సభలో ఏం మాట్లాడాలో మోటార్లకి చెప్పి చెప్పి సాధన చేశాను. ఇంటి ముందున్న నా మోటార్ల షెడ్డు దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళు, ఈసారి సభకి దూది తెచ్చుకోవాలి అనుకుంటూ వెళ్ళారు.

సభకి ముందు రోజు మధ్యాహ్నం బావ మా షెడ్డుకి వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. నేను రాగి తీగ చుడుతున్నాను. ఆ చుట్టలు చూస్తూ, రేపు సభలో నువ్వు లేవకు అన్నాడు. నేను లేచి అరిస్తే జనం అలవాటు ప్రకారం నవ్వుతారట, ఆ నవ్వులోనే ఎవరికి తోచినట్టు వాళ్ళు చేతులెత్తేస్తారట. తను నాలుగు మాటల్లో తేలుస్తానన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని కూర్చో, చాలు. మిగతాది నాకొదిలెయ్."

వదిలేశాను. ఆయన మీద కాక ఇంకెవరి మీద వదిలేస్తాను. మా అక్క పెళ్ళినాటికి నేను నిక్కర్లలో ఉన్నాను, నా మొదటి పంట్లాము కుట్టింది ఆయనే. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఈ మాట చెబితే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదే, మరి సభలో మాట్లాడకుండా కూర్చుంటానంటావేమిటి అంది.

సభ గోదాంలో. బస్తాల మీద జనం, బస్తాల మధ్య జనం, అన్ని శాఖల నుంచి వచ్చారు. మేనేజరు తీర్మానం చదివాడు. వెనక వరసలో ఉన్న తాపీ మేస్త్రి నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, కానీయ్ అన్నట్టు. నేను ధీమాగా, ఉండు అన్నట్టు చెయ్యి ఊపాను. బావ లేచాడు.

ఊరు పెరిగింది, సంఘం పెరిగింది, అప్పట్లో కాళ్ళున్నాయి కాబట్టి నడిచాం, ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది అన్నాడు. నేను లోపల నవ్వుకున్నాను. ఇది ఎత్తుగడ, ఇప్పుడు మెలిక పెడతాడు అనుకున్నాను. ఇంటింటికీ వెళ్ళడం ఇక ఆపేద్దాం అన్నాడు. ఇదిగో, ఇప్పుడొస్తుంది మెలిక అనుకున్నాను.

"ఈ మాట అందరికన్నా ముందు ఒప్పుకోవాల్సింది మా బావమరిది," అన్నాడు. "వాడు ఇక్కడే ఉన్నాడు. వాడికి ఇష్టం లేకపోతే ఈపాటికి ఈ రేకులు లేచిపోయేవి. ఎంత బుద్ధిగా కూర్చున్నాడో మీరే చూడండి."

గోదాం అంతా నావైపు తిరిగింది. నవ్వారు. ప్రేమగానే నవ్వారు, అదీ బాధ. మేస్త్రి కూడా, ఓహో అలాగా అన్నట్టు తలూపి చెయ్యెత్తాడు. వరస వెనక వరస చేతులు లేచాయి. నేను అప్పటికీ మెలిక కోసం చూస్తున్నాను. అది లేదని తెలిసి నోరు తెరిచేసరికి చేతులు దిగిపోయాయి, మేనేజరు ఏకగ్రీవం అని రాసుకుంటున్నాడు. ఏకగ్రీవం అంటే అందరిదీ కలిపి ఒకే మెడ అని అర్థం. ఆ రోజు ఆ మెడ నాది. కొలత దర్జీకి ముందే తెలుసు. తీర్మానం అయిపోయింది, నా మానం తీరిపోయింది.

నా నోరు తెరిచే ఉంది. జీవితంలో ఒక్క పూట మూసుకున్నాను, ఆ ఒక్క పూటనే పట్టుకుని ఊరంతటికీ నా ఒప్పుకోలు కింద అమ్మేశాడు. సంఘంలో అంత చవగ్గా అమ్ముడుపోయిన సరుకు ఇంకోటి లేదు.

ఆ మర్నాటి నుంచి నేను కొట్టుకి వెళ్ళలేదు. కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వీధికి అవతలి పక్కన నడిచాను. ఊళ్ళో అందరి అలకా తీర్చినవాడు చివరికి తనే అలిగాడు. ఇళ్ళకి వెళ్ళే పని ఎత్తేశారని నాకు తెలియక కాదు. నేను ఎదురుచూసింది సంఘం కోసం కాదు, బావ కోసం. ఆయనొచ్చి కూర్చుంటాడని. ఎందుకు రావడం లేదని అడగకుండా, నేను చెప్పేదాకా కూర్చుని, చెప్పాక, తప్పు నాదిరా అంటాడని. అంటే చాలు, నేను మిగతా అంతా మింగేసేవాణ్ణి. నా నోరు పెద్దది, ఎంతైనా పడుతుంది.

వారం దాటింది. టీ పొడి అయిపోయింది. మా ఆవిడ మరిగిన నీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, ఇది టీ అనుకో, టీ పొడి కూడా అలిగి వెళ్ళిపోయింది అంది. అలిగేది నువ్వు, అలమటించేది నేను అంది. పట్నం బస్సెక్కి సబ్బులు తెచ్చుకుంది. బస్సులో మా అక్క కనిపించిందట, ఏం కొన్నావే అని అడగబోయి సంచీ చూసి ఊరుకుందట.

ఒకరోజు పొద్దున్నే నా ఫోను టింగుమంది. సంఘం నుంచి సందేశం. ప్రియమైన సభ్యులారా, మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, మీరు మాకెంతో విలువైనవారు, ఈ వారం బిస్కెట్ల మీద తగ్గింపు ఉంది. మా ఆవిడ నా భుజం మీద నుంచి చదివి లోపలికెళ్ళి ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి ఫోను పక్కన పెట్టింది.

"సంఘం తరఫున వచ్చారుగా," అంది. "మంచినీళ్ళివ్వకపోతే బాగుండదు."

నేను నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను కాసేపు, ఆవిడ నవ్వడం ఆపేసి నావైపు చూసేదాకా. అంత సరుకున్న కొట్టులో నన్ను సరుకు చేసేవాడు ఒక్కడూ లేడని ఆ బిస్కెట్ల దగ్గర అర్థమైంది.

మోటార్లు తెచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరూ ఆ ఊసెత్తలేదు. వాళ్ళ లెక్కలో నేను అలగలేదు, ఒప్పుకున్నాను. మేస్త్రి అయితే, ఇన్నాళ్ళూ తిరిగావు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకో, మంచి పని చేశావు అని మెచ్చుకున్నాడు కూడా. నేను కాదనబోయాను. అంటే మా బావ అబద్ధమాడాడని చెప్పాలి. మా అక్క మొగుడి గురించి ఆ మాట నా గొంతుతో చెబితే ఊరవతలి దాకా వినిపిస్తుంది. పైగా ఆయన ఎక్కడ అబద్ధమాడాడు? ఎంత బుద్ధిగా కూర్చున్నాడో చూడండి అన్నాడు. నిజంగానే కూర్చున్నాను.

చివరికి వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి, అదే బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. చేతిలో సంచీ లేదు, ఏమీ అడగలేదు. మా ఆవిడ నీళ్ళిచ్చింది, తాగాడు. ఆయన కూర్చున్న తీరు చూసి, వచ్చాడు అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను ఎక్కని గడప లేదు, నా గడపలో ఒకరొచ్చి ఇలా కూర్చోవడం ఇదే మొదలు. అలా వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏడుపొచ్చేలా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇంకాస్త సేపు అలాగే ఉంటే చెప్పేసేవాణ్ణి.

ఆయనే ముందు మాట్లాడాడు. పెద్ద రోడ్డు మీద కొత్త శాఖ తెరుస్తున్నారట, అన్నిటికన్నా పెద్దది, అద్దాల తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయట. పై సంఘాల నుంచి పెద్దలొస్తున్నారట. ప్రారంభం రోజు నాలుగు ముక్కలు మాట్లాడేవాడు కావాలి. మేనేజరు మాట్లాడితే జనం నిద్రపోతారు.

"నువ్వు రా," అన్నాడు. "ఆ అలకల కథలు చెప్పు. మంత్రసాని సంగతీ అవీ. నువ్వు చెబితే జనం పడీ పడీ నవ్వుతారు."

తీగ చుట్ట పక్కన పెట్టాను. పక్కన పరీక్షకి తిరుగుతున్న మోటారు ఆపేశాను. షెడ్డు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, లోపల మా ఆవిడ గిన్నె కింద పెట్టడం వినిపించింది.

"బావా, ఆ రోజు నన్నెందుకు నోరు మూసుకోమన్నావు?"

ఆయన తప్పించుకోలేదు. కాస్త ఆలోచించి, లోపల ఉన్న సూదుల్లో సరైనది ఏరుతున్నట్టు,

"నువ్వు లేచి మాట్లాడితే వాళ్ళు నీ మాటే వినేవాళ్ళు," అన్నాడు.

"నవ్వుతారన్నావు."

"నవ్వేవాళ్ళే. నవ్వి నీవైపే చెయ్యెత్తేవాళ్ళు. నాకు తెలుసు."

ఇన్నేళ్ళలో నా గురించి ఆయన అన్న గొప్ప మాట అదే. కావాలంటే దాన్ని చట్రం కట్టించి గోడకి తగిలించుకోవచ్చు. నేను పనికిమాలినవాణ్ణని పక్కన పెట్టి ఉంటే ఎలాగోలా సర్దుకునేవాణ్ణి. గెలుస్తానని తెలిసి, ఆ గెలుపుని నా చేతనే కట్టిపెట్టించాడు.

ఆయన చెప్పుకొచ్చాడు. ఇళ్ళకెళ్ళి కూర్చునే పని ఉన్నంతకాలం సంఘం మన వీధిదేనట, అది పోతేనే పెద్ద రోడ్డెక్కుతుందట. పది ఊళ్ళకి పదిమంది కూర్చునేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారన్నాడు. అందులో నిజం లేకపోలేదు. ఆయన పెంచుదామనే చూశాడు, మింగుదామని కాదు. అది కూడా నాకు తెలుసు, తెలిసినందుకే ఒళ్ళు మండింది. దొంగైతే తిట్టి వదిలేద్దును.

"ఆ మాట నాకు చెబితే సరిపోయేదిగా," అన్నాను.

"చెబితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి కూడా కదా నేను సభ్యుణ్ణి."

ఆయన తలొంచుకుని మోకాలి మీద పంట్లాము మడత సరిచేసుకున్నాడు. అక్కడ మడత ఏమీ లేదు. అనాల్సిన మాట ఒక్కటే ఉంది, రెండు పదాలు, ఊళ్ళో ప్రతి గడపలో ఆయన నా చేత అనిపించిన మాటే. నేను ఎదురుచూశాను. ఆయన గొంతు దాకా వచ్చిందో లేదో ఆయనకే తెలియాలి. పైకి మాత్రం, మరి ప్రారంభానికి వస్తావా అన్నాడు.

"రాను బావా," అన్నాను. "నేను ఊరుకుంటే వస్తానని చెప్పేస్తావు. అందుకని నోటితో చెబుతున్నాను. రాను."

గట్టిగా అన్లేదు. నా మాట పక్క వీధి దాకా వెళ్ళకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టి, అక్క నిన్ను అడుగుతోంది అని లేచి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. అంతా వింది. ఇక ఆ కొట్టు మెట్లు జన్మలో ఎక్కను అంది. ఇన్నాళ్ళూ నన్ను దెప్పిన మనిషి, ఇప్పుడు నాకన్నా ఎర్రగా ఉంది. కొట్టేం చేసింది పాపం, అది మనదే కదా అన్నాను. మనదే అయితే మనకెందుకిలా అంది.

మర్నాడు పొద్దున్నే సంచీ తీసుకుని నేనే వెళ్ళాను. తిన్నగా ముందు తలుపులోంచే. కౌంటర్లో కొత్తమ్మాయి, నన్నెరగదు, సభ్యత్వం నంబరు అడిగింది, చెప్పాను. టీ పొడి, ఉప్పు, సబ్బులు తీసుకున్నాను. వరసలో నా వెనక మేస్త్రి భార్య ఉంది. తమ పక్కింటావిడ కొట్టుకి రాక చాలా రోజులైందట, మనిషి నవ్వుతూనే ఉంది గానీ రావడం లేదు, నువ్వొకసారి వెళ్ళి కూర్చోరాదూ అంది. ఇప్పుడా పని లేదమ్మా అన్నాను. అదేంటి, నువ్వే వద్దన్నావట కదా అంది. అవునట అన్నాను.

మా ఇంటికి రావాలంటే బావ వరండా ముందు నుంచే రావాలి. కుట్టు మిషను చప్పుడు మలుపు దగ్గర్నుంచే వినిపిస్తోంది. మామూలుగా అయితే అక్కడి నుంచే, బావా, ఎవరి జేబు కత్తిరిస్తున్నావు అని అరిచేవాణ్ణి, ఆయన తలెత్తకుండానే నవ్వేవాడు. నేను ఎదురుగా వచ్చేసరికి చప్పుడు ఆగింది. చక్రం మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. నేను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూసింది.

"ఏరా, లోపలికి రావా?" అంది.

"తర్వాతొస్తానక్కా," అన్నాను.

నేను నడిచాను. ఆ ఇల్లు దాటి, పక్కిల్లు దాటి, ఆ పై ఇల్లు కూడా దాటాక, వెనకాల మిషను మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.